చీటీ మీద రాసిన చట్టం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఒక చిన్న ముక్క రాశాను, గుర్తుండే ఉంటుంది. "ప్రభుత్వం కొత్తగా ఏ పాలసీ తేవాలి" అని జనాన్నే అడిగి, వాళ్ళు చీటీల మీద రాసిచ్చిన వాటితోనే కామెడీ షో నడిపే పద్ధతి గురించి. రాసింది అర పేజీయే కానీ ఉత్తరాలు తెగ వచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను. పేరు వెయ్యొద్దన్న వాళ్ళే ఎక్కువమంది కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

మేడమ్, చీటీలు చదివితే అది కామెడీ ఎలా అవుతుంది? ఎవరో రాసింది ఇంకెవరో పైకి చదవడమే కదా. నాకు ఈ పాయింట్ అస్సలు అర్థం కాలేదు. (డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థి)

చదివితే అవదు తమ్ముడూ, చదివాక జరిగేదే కామెడీ. బ్రిటన్‌లో మార్క్ థామస్ అని ఒక కమెడియన్ ఉన్నారు, 2009లో బీబీసీ రేడియో 4లో "ది మేనిఫెస్టో" అని ఒక షో మొదలుపెట్టారు. ప్రేక్షకుల దగ్గర వాళ్ళకి కావాల్సిన పాలసీలు తీసుకునేవారు, ఆయన అవి చదివేవాడు, రాసినవాళ్ళతో మాట్లాడేవాడు, వాదించేవాడు, ఆ విషయం వెనకాల ఉన్న అసలు సంగతులు తవ్వి చెప్పేవాడు, చివరికి ఏది మేనిఫెస్టోలోకి ఎక్కాలో హాల్లో వాళ్ళే తేల్చేవారు. అంటే అక్కడ కమెడియన్ జోకులు మోసుకొచ్చేవాడు కాదు, జనం తెచ్చిన దాన్ని విప్పి చూపించేవాడు.

అది 2009 అన్న సంగతి మర్చిపోకండి. సరిగ్గా ఆ ఏడాది మే నెలలోనే అక్కడ ఎంపీల ఖర్చుల బండారం బయటపడింది. ఒక ఎంపీ గారు తన చెరువులో బాతులకి బుల్లి ఇల్లు కోసం, జనం డబ్బులోంచి ఇమ్మని 1,645 పౌండ్ల బిల్లు పెట్టాడు, ఆ డబ్బు ఇవ్వలేదు లెండి, కానీ బిల్లు పెట్టాడన్న మాటే జనానికి మండిపోయేలా చేసింది. అలాంటి టైంలో ఒక చీటీ వచ్చింది: రేసు కార్లు నడిపేవాళ్ళు ఒంటి మీద స్పాన్సర్ల లోగోలు వేసుకుంటారు కదా, అలాగే ఎంపీలు కూడా తమకి డబ్బు సంబంధం ఉన్న కంపెనీల లోగోలు బట్టల మీద వేసుకు తిరగాలి అని. ఒక్కసారి కళ్ళు మూసుకుని చూడండి, ఒకాయన లేచి పొగాకు మీద పన్ను తగ్గించాలంటున్నాడు, ఆయన వీపు మీద సిగరెట్ కంపెనీ బొమ్మ. ఆస్తుల రిజిస్టర్లు, వివరాల పట్టికలు ఎన్ని ఉన్నా ఎవరు తెరిచి చూస్తారు, అదే చొక్కా మీద ఉంటే పిల్లాడికి కూడా కనిపిస్తుంది.

నాకు వీటన్నిటికంటే నచ్చింది కర్టెన్ల చీటీ. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వం అందరికీ ఐడీ కార్డులు తెస్తానని 2006లో చట్టం కూడా చేసింది, "తప్పు చెయ్యని వాడికి భయమెందుకు" అనేది దాన్ని సమర్థించేవాళ్ళ మాట. దానికి ఒకరు రాసిచ్చిన రూలు: ఐడీ కార్డులు కావాలనేవాళ్ళు ఇంటి కిటికీలకి కర్టెన్లు వేసుకోకూడదు. అంతే, ఒక్క వాక్యం. ప్రైవసీ గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఎక్కనిది ఆ ఒక్క ముక్కలో ఎక్కేస్తుంది, ఎందుకంటే మనం రాత్రి కర్టెన్ లాగేది లోపల దొంగతనం చేస్తున్నామని కాదు కదా, అన్నం తింటున్నా సరే లాగుతాం. ఆ కార్డుల చట్టాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వం 2010లో ఎత్తేసింది. చీటీ వల్ల ఎత్తేశారని నేను అనను, కానీ వాదన ఏంటో ఆ చీటీ అంత బాగా ఇంకెవరూ చెప్పలేదని మాత్రం అంటాను.

నమస్కారం. ఇది ప్రజాస్వామ్యాన్ని పలచన చెయ్యడం కాదా? సలహా అడిగితే జనం ఆకతాయి సలహాలే ఇస్తారు. ఓడకి పిచ్చి పేరు పెట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. (రిటైరైన సోషల్ టీచర్)

తెలుసు మాస్టారూ, మీరు ఆ ఉదాహరణ ఎత్తినందుకు సంతోషం, ఎందుకంటే నా వాదనకి కూడా అదే ఉదాహరణ. 2016లో బ్రిటన్‌లో 20 కోట్ల పౌండ్లు పెట్టి ధ్రువ ప్రాంతాల పరిశోధన కోసం ఓడ కడుతూ, పేరు మీరే చెప్పండి అని జనాన్ని అడిగారు. "బోటీ మెక్‌బోట్‌ఫేస్" అన్న పేరుకి 1,24,109 ఓట్లు పడ్డాయి, అదే మొదటి స్థానం. తెలుగులో చెప్పుకోవాలంటే పడవమొహం పడవయ్య గారు అన్నట్టు. సైన్స్ మంత్రిత్వ శాఖ వాళ్ళు అది పక్కన పెట్టి సర్ డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టారు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు, ఇక్కడే ఆపేస్తారు. కానీ జనం పెట్టిన పేరుని పూర్తిగా పారెయ్యలేదండీ, ఆ ఓడకి సంబంధించిన మనిషి లేని చిన్న జలాంతర్గామికి పెట్టారు. అది 2017లో అంటార్కిటికా దగ్గర సముద్రం అడుగుకి వెళ్ళి నీటి ఉష్ణోగ్రతలు, ప్రవాహాలు కొలిచి వచ్చింది. మామూలుగా అయితే సముద్రం అడుగున నీళ్ళు ఎలా కదులుతాయన్న వార్త ఎవరు చదువుతారు, ఆ పేరు వల్ల చిన్నపిల్లలు కూడా అది ఎక్కడిదాకా వెళ్ళిందని అడిగారు. ఇందులో పలచనైంది ఏముంది చెప్పండి.

ఇంకోటి. అమెరికాలో వైట్‌హౌస్ వాళ్ళు 2011లో జనం అర్జీలు ఇంటర్నెట్‌లో తీసుకోవడం మొదలుపెట్టారు, ఇన్ని సంతకాలు దాటితే జవాబిస్తామని మాట ఇచ్చారు. 2012 చివర్లో ఒక అర్జీ వచ్చింది, ఒక అంతరిక్ష సినిమాలో గ్రహాలనే పేల్చేసే పెద్ద గుండ్రటి స్టేషన్ ఉంటుంది కదా, దాన్ని ప్రభుత్వం కట్టాలి, దానివల్ల ఉద్యోగాలు వస్తాయి అని. 34,435 మంది సంతకాలు పెట్టారు. అధికారులు చిరాకు పడి చెత్తబుట్టలో వేసెయ్యొచ్చు. కానీ అక్కడ సైన్స్, అంతరిక్ష విభాగం బడ్జెట్ చూసే అధికారి 2013 జనవరిలో కూర్చుని నిజంగా జవాబు రాశాడు. ఖర్చు అంచనా 850 పక్కన పదిహేను సున్నాలు పెడితే ఎన్ని డాలర్లో అన్ని అనీ, మేము లోటు తగ్గించే పనిలో ఉన్నాం గానీ పెంచే పనిలో లేమనీ, గ్రహాలు పేల్చడాన్ని ఈ ప్రభుత్వం సమర్థించదనీ, అయినా ఒక్కడు నడిపే చిన్న నౌకతో కూలిపోయే లోపం ఉన్న దాని మీద జనం పన్ను డబ్బు ఎందుకు పెడతామనీ రాసి, అక్కణ్ణుంచి మెల్లగా, మన తల మీద ఇప్పటికే ఒక అంతరిక్ష కేంద్రం తిరుగుతోంది తెలుసా, సైన్స్ చదవండి రండి అని పిలిచాడు.

మాస్టారూ, క్లాసులో చివరి బెంచీ వాడు తిక్క ప్రశ్న వేస్తే మీరు కూడా ఇదే చేసి ఉంటారు కదా, వాణ్ణి నిలబెట్టి తిట్టకుండా ఆ ప్రశ్న పట్టుకునే పాఠంలోకి లాక్కొచ్చి ఉంటారు. ఆకతాయితనం ఉంటుంది, లేదనను. సలహా ఇచ్చిన వాణ్ణి వెటకారం చేస్తే వాడు రెండోసారి రాడు, జవాబిస్తే వస్తాడు, ఈసారి ఇంకాస్త ఆలోచించుకుని వస్తాడు.

ఇలా నవ్వులాటగా చెప్పిన పాలసీ ఏదైనా నిజంగా చట్టం అయిందా? ఒక్కటైనా? (బ్యాంకు ఉద్యోగిని)

ఒక్కటి కాదు. డేవిడ్ సచ్ అని బ్రిటన్‌లో ఒక రాక్ గాయకుడు, స్క్రీమింగ్ లార్డ్ సచ్ అని పేరు పెట్టుకున్నాడు, లార్డ్ కాదు గానీ టోపీ మాత్రం పొడుగ్గా పెట్టేవాడు. 1963లో ప్రొఫ్యూమో అనే మంత్రి ఒక కుంభకోణంలో రాజీనామా చేస్తే స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉప ఎన్నిక వచ్చింది, దానికి ఈయన నేషనల్ టీనేజ్ పార్టీ అని పెట్టి నిలబడ్డాడు. ముఖ్యంగా అడిగింది, 18 ఏళ్ళకే ఓటు ఇవ్వాలని. అప్పుడు అక్కడ 21 వస్తేనే ఓటు. ఆయన వయసు 22, జుట్టు భుజాల దాకా, జనం నవ్వారు, వచ్చిన ఓట్లు 209. ఆరేళ్ళు తిరిగేసరికి 1969లో పార్లమెంటు 18 ఏళ్ళకి ఓటు హక్కు ఇస్తూ చట్టం చేసింది. అలాగే ప్రైవేటు రేడియోకి అనుమతి ఇవ్వాలన్నాడు, 1964లో తనే సముద్రంలో పాత కోట మీద దొంగ స్టేషన్ కూడా నడిపాడు, 1973లో అక్కడ ప్రైవేటు రేడియో చట్టబద్ధంగా మొదలైంది. తర్వాత 1983 నుంచి ఆయన నడిపిన మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీ, అంటే పిచ్చోళ్ళ పార్టీ అని వాళ్ళే పెట్టుకున్న పేరు, పబ్బులు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలంది, 1988లో అయింది. పెంపుడు జంతువులకి పాస్‌పోర్టు కావాలంది, 2000లో అదీ వచ్చింది.

మీరు లెక్కల మనిషి కాబట్టి జాగ్రత్తగానే చెప్తాను. ఓటు వయసు తగ్గింది సచ్ ఒక్కడి వల్ల కాదు, దాని వెనకాల కమిటీలు ఉన్నాయి, పార్టీల లెక్కలు ఉన్నాయి. నేను చెప్పేది ఏంటంటే, పెద్ద పార్టీలు నోరెత్తడానికి సందేహించే మాటని నవ్వులాటలో ముందుగా జనం చెవిన వెయ్యొచ్చు. ఒకసారి చెవిన పడ్డాక అది వింతగా ఉండదు, పదిసార్లు విన్నాక మామూలు మాట అయిపోతుంది, ఆ తర్వాత ఎవరో సూటు వేసుకున్నాయన వచ్చి అదే మాట బిల్లుగా పెడతాడు.

సచ్ అడిగిన ఒక ప్రశ్న ఉంది, గుత్తాధిపత్యాన్ని అరికట్టే మోనోపలీస్ కమిషన్ దేశానికి ఒక్కటే ఎందుకుంది అని. నాకు ఇప్పటికీ దానికి జవాబు దొరకలేదు. 1990లో బూటిల్ ఉప ఎన్నికలో ఈ పిచ్చోళ్ళ పార్టీకి 418 ఓట్లొస్తే, మాజీ విదేశాంగ మంత్రి డేవిడ్ ఓవెన్ నడిపే పార్టీకి 155 వచ్చాయి, కొన్ని రోజులకే ఆ పెద్దమనిషి తన పార్టీని మూసేశాడు. సచ్ ఎప్పుడూ గెలవలేదు, దాదాపు 40 సార్లు నిలబడి ప్రతిసారీ డిపాజిట్ పోగొట్టుకున్నాడు, 1985 నుంచి అది ఒక్కోసారికి 500 పౌండ్లు. అంత డబ్బు పోగొట్టుకుని మరీ నవ్వించినవాడి మీద నాకు చాలా గౌరవం.

చీటీలు నిజంగా జనం రాసినవేనా, లేక కమెడియన్లే ముందు రాసుకుని జనం పేరు పెడతారా? (ఒక పాఠకుడు)

నిజాయితీగా చేసేవాళ్ళది తెలిసిపోతుందండీ. జనం రాసిందాంట్లో ఒక వంకర ఉంటుంది, పాయింట్ ఎక్కడో మధ్యలో వస్తుంది, చివర్లో సంబంధం లేని ఇంకో కోపం అంటుకుని ఉంటుంది. రైటర్ రాసింది నున్నగా ఉంటుంది. నున్నగా ఉన్నవే వరసగా వస్తున్నాయంటే అనుమానించండి.

అక్కా, మా నాటకాల గ్రూపులో ఎనిమిది మందిమి ఉన్నాం. ఇలాంటి షో ఒకటి మేమూ చెయ్యాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలెట్టాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (ఔత్సాహిక నటుడు)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా, దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను. మొదట చీటీ మీద ప్రశ్న ఏం రాయాలో ఆలోచించండి, సగం షో అక్కడే ఉంది. "సమాజంలో ఏం మార్పు రావాలి" అని వేశారనుకోండి, వ్యాసాలు వస్తాయి, అవినీతి పోవాలి, విద్య రావాలి, అందరూ బాగుండాలి. అవన్నీ నిజమే కానీ వాటితో స్టేజ్ మీద ఏమీ చెయ్యలేరు. "రేపు ఒక్కరోజు ప్రభుత్వం మీరే, ఒకే ఒక్క రూలు పెట్టండి, ఒక్క వాక్యంలో" అని అడగండి, అప్పుడు చూడండి ఎలా వస్తాయో. మనిషి దగ్గర ఒక్క వాక్యమే ఉందంటే వాడు తనని నిన్న రాత్రి నిద్ర పట్టకుండా చేసిన దాని గురించే రాస్తాడు. చీటీలు తలుపు దగ్గరే ఇచ్చెయ్యండి, పెన్సిళ్ళు కూడా మీరే ఇవ్వండి, లేకపోతే పెన్ను లేదన్న వంకతో సగం మంది ఖాళీ చీటీ ఇస్తారు. షో మొదలవడానికి కనీసం అరగంట ముందు అన్నీ చేతికి రావాలి, ఒకరు కూర్చుని చదివి కుప్పలు పెట్టాలి. నేనైతే మూడు కుప్పలు పెడతాను, కోపం, కోరిక, కొంటెతనం. కొంటెవి మొదట చదవండి, హాలు వేడెక్కుతుంది, కోపానివి మధ్యలో పెట్టండి.

చదివేటప్పుడు రాసింది రాసినట్టే చదవండి, తప్పులు దిద్దొద్దు, అలాగని తప్పుల మీద జోకూ వెయ్యొద్దు. చదవగానే మీ జోకు చెప్పకండి, ఇది నా ముఖ్యమైన మాట, ముందు రాసినవాళ్ళని "ఎందుకు" అని అడగండి. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఇలాంటి సాయంత్రం ఒకటి నేనే నడిపాను. నోట్‌బుక్‌లోంచి చింపిన సగం కాగితం, పెన్సిల్‌తో రాసింది, రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాసి ఉంది: "నిలబెట్టి మాట్లాడే ఆఫీసరు తనూ నిలబడే సంతకం పెట్టవలెను." నేను అది చదివి, అవతలి వాళ్ళ మాట వినకుండానే, అప్పుడు ఆఫీసర్ల సంతకాలన్నీ వంకరగా వస్తాయి అని ఏదో అనేశాను, కొంతమంది నవ్వారు, నేను ఇంకో చీటీ తీశాను. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "అమ్మా, అది నాదే, ఇంకా అయిపోలేదు" అంది. హాలు నిశ్శబ్దమైపోయింది. మోకాళ్ళ నొప్పితో ఒక కాగితం మీద సంతకం కోసం పొద్దున్నించి మధ్యాహ్నం దాకా నిలబడిందంట, ఎదురుగా మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోమని ఎవరూ అనలేదు, తను కూర్చుంటే పని చెడుతుందేమో అని భయపడి కూర్చోలేదు.

అప్పుడు నేను చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను, హాలు కూడా ఆ చీటీని తనదే అనుకుంది. ఒకబ్బాయి లేచి, ఎంతసేపు మనల్ని నిలబెడితే అంతసేపు ఆయనా నిలబడాలి, దానికి గోడ మీద గడియారం పెట్టాలన్నాడు. ఇంకొకాయన, ఆఫీసరు తెలివైనోడైతే కుర్చీలే తీసేయిస్తాడు, అప్పుడు ఎవరికీ ఉండవు, కాబట్టి ఆఫీసులో కుర్చీలు లెక్కపెట్టడానికి ఒక శాఖ ఉండాలన్నాడు. ఆ శాఖకి వెళ్తే వాళ్ళు మనల్ని నిలబెడితే ఎలా అని ఇంకో గొంతు. ఆవిడ పగలబడి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పావుగంట నడిచింది ఆ ఒక్క చీటీ. చేతులెత్తమంటే ఎత్తని చెయ్యి లేదు. నేను వేసిన మొదటి జోకు ఎవరికీ గుర్తుండి ఉండదు, ఆ కుర్చీల శాఖ మాత్రం ఇప్పటికీ ఆ రోజు వచ్చినవాళ్ళు ఎక్కడైనా కలిస్తే అడుగుతారు.

అందుకని మీ ఎనిమిది మందీ ఈ మూడు ప్రశ్నలు కంఠతా పట్టండి: ఈ రూలు ఎవరు అమలు చేస్తారు, దీన్ని ఎవరు ఎలా ఎగ్గొడతారు, ఎగ్గొడితే ఏమవుతుంది. పాలసీ మీద నవ్వు ఎప్పుడూ అమల్లోనే పుడుతుంది, ఉద్దేశంలో పుట్టదు. కెనడాలో రైనో పార్టీ అని ఉంది, వాళ్ళు దేశంలో కుడి పక్కన నడిచే బళ్ళన్నీ ఇక ఎడమ పక్కన నడపాలన్నారు, దాంట్లో పెద్ద నవ్వేం లేదు, కానీ జనం అలవాటు పడాలి కాబట్టి మార్పు దశలవారీగా తెస్తామన్నారు, ముందు పెద్ద లారీలు, తర్వాత బస్సులు, ఆ తర్వాత చిన్న కార్లు. చూశారా, నవ్వు ఎడమ పక్కలో లేదు, దశలవారీగా అన్న మాటలో ఉంది. ప్రతి ప్రభుత్వ ప్రకటనలో కనిపించే మాటే అది, తీసుకెళ్ళి పెట్టకూడని చోట పెట్టారు.

ఇంక జాగ్రత్త అంటారా, ఒకరి కులం మీదో మతం మీదో ఒంటి మీదో హాల్లో కూర్చున్న మనిషి మీదో రాసిన చీటీలు ముందే పక్కన పెట్టెయ్యండి, చదివి తిట్టడం కూడా వద్దు, చదవడమే వద్దు. చివర్లో ఓటింగ్ మానకండి. నవ్వి వెళ్ళిపోవడం వేరు, దీనికి నేను చెయ్యెత్తాను అనుకుంటూ వెళ్ళడం వేరు.

నా సూచన: ఎలక్షన్ హామీల మీద మందుల సీసాల మీద వేసినట్టు ఎక్స్‌పైరీ డేట్ వెయ్యాలి. ఎలా ఉంది? నిజం చెప్పండి. (మెడికల్ షాపు నడిపే పాఠకుడు)

బాగుంది, మీ చేతిలో రోజూ తిరిగే వస్తువులోంచి వచ్చింది కాబట్టే బాగుంది. కానీ తేదీ దగ్గర ఆపేశారు. ఆ సీసా మీద ఇంకా ఎన్ని ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. తయారైన తేదీ ఉంటుంది, అంటే ఈ హామీ మొదటిసారి ఎప్పుడు ఇచ్చారు, ఎన్ని ఎలక్షన్ల కిందటిది. బ్యాచ్ నంబరు ఉంటుంది, అంటే ఇదే హామీ ఇంకా ఎన్ని నియోజకవర్గాల్లో ఇచ్చారు. వాడేముందు బాగా కలపాలి అని ఉంటుంది. సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి, ఇది మీకిస్తే ఇంకెవరికి కోత పడుతుందో అక్కడ చిన్న అక్షరాల్లో. డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదు అని ఎర్ర గీత ఉంటుంది, మరి హామీకి డాక్టరు ఎవరు? డేటు దాటిన సరుకు మీరు కంపెనీకి వాపసు పంపుతారు కదా, డేటు దాటిన హామీ వాపసు ఎవరు తీసుకుంటారు, మా ఓటు మాకు తిరిగి ఎలా వస్తుంది? ఇక్కడికొచ్చేసరికి ఇది జోకు కాదు, చాలా దేశాల్లో నిజంగా నలుగుతున్న ప్రశ్న ఇది, గెలిచినవాణ్ణి మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఉండాలా వద్దా అని. మీ అనుభవంతో ఇవన్నీ నింపి మళ్ళీ పంపండి, వేస్తాను.

జనం మాట విని నవ్వించేవాళ్ళకే అధికారం ఇస్తే ఏమవుతుంది? అప్పుడు కూడా వింటారా? (గృహిణి)

దీనికి ఒక ఊరు జవాబు చెప్పిందమ్మా. 2008లో ఐస్‌లాండ్‌లో పెద్ద బ్యాంకులన్నీ కుప్పకూలాయి. ఆ కోపంలోంచి యోన్ గ్నార్ అనే కమెడియన్ "బెస్ట్ పార్టీ" అని పెట్టి 2010లో రాజధాని రేక్యవిక్ నగర ఎన్నికల్లో నిలబడ్డాడు. స్విమ్మింగ్ పూల్స్‌లో ఉచితంగా తువ్వాళ్ళు, జూకి ఒక ధ్రువపు ఎలుగుబంటి, ఇవీ హామీలు. ఇచ్చిన హామీలు నిలబెట్టుకోనని కూడా ముందే చెప్పేశాడు. 15 సీట్లలో 6 వచ్చాయి, అన్ని పార్టీల కంటే ఎక్కువ, సోషల్ డెమొక్రాట్లతో కలిసి మేయర్ అయిపోయాడు.

ఎలుగుబంటి రాలేదు. కుర్చీలో కూర్చునేసరికి నగరానికి చెందిన విద్యుత్, వేడినీళ్ళ కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది, ఛార్జీలు పెంచాడు, ఉద్యోగాలు తగ్గించాడు, బడులు కలిపేశాడు, జనం తిట్టారు, తిట్లు పడ్డాడు. కానీ వినడం మాత్రం ఆపలేదు. జనం తమ ఐడియాలు రాసి, ఒకరి ఐడియాకి ఇంకొకరు అనుకూలంగానో వ్యతిరేకంగానో వాదన రాసే వెబ్‌సైటు, మెరుగైన రేక్యవిక్ అని అర్థం వచ్చే పేరుతో ఆ ఎన్నికల సమయంలోనే ఇద్దరు ప్రోగ్రామర్లు పెట్టారు, ఎక్కువ మద్దతు వచ్చిన ఐడియాలని ప్రతి నెలా నగర కమిటీలు చర్చకి తీసుకునేలా ఏర్పాటైంది. గ్నార్ నాలుగేళ్ళు పూర్తిచేసి 2014లో మళ్ళీ పోటీ చెయ్యకుండా దిగిపోయాడు. నవ్వించడానికి అలవాటుపడిన మనిషి హాల్లో ఎవరు నవ్వట్లేదో కూడా చూస్తాడు కదమ్మా, ఆ అలవాటు ఆయనకి ఆఫీసులో కూడా పనికొచ్చిందని నేను నమ్ముతాను.

మీరు పోయినసారి రాసిన మేకల సంగతి మా ఇంట్లో వారం రోజులు నడిచింది. నాలుగు మేకలే ఎందుకు? (తొమ్మిదో తరగతి విద్యార్థిని)

చదవని వాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. మార్క్ థామస్ షోలో ఎవరో ఇచ్చిన పాలసీ: బ్రిటన్ పార్లమెంటు సభలోకి మేకల్ని వదలాలి. నాలుగు. ఏ ఎంపీ కూడా ఆ మేకల గురించి ఒక్క మాట ఎత్తకూడదు.

ఎందుకు నాలుగు అని నేనూ చాలాసార్లు ఆలోచించాను బంగారం. ఒకటే మేక అయితే అది పొరపాటున వచ్చినట్టుంటుంది, పాపం దారి తప్పిందేమో అనుకుంటాం. రెండైతే జత. పాతికైతే మంద, సభ జరగదు, వాయిదా పడుతుంది, ఎంపీలు హాయిగా ఇంటికి పోతారు. నాలుగైతే సభ జరుగుతుంది, జరుగుతూనే ఉండాలి, ఎటు చూసినా ఏదో ఒక మూల ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. ఆర్థిక మంత్రి బడ్జెట్ చదువుతుంటాడు, ఒక మేక ఆ కాగితం అంచు నమలడం మొదలెడుతుంది, మంత్రి ఆ పేజీలో అంకెలు గుర్తున్నంత వరకు చెప్పాలి, ఎదుటి పక్షం వాళ్ళు కాగితం ఏమైందని అడగాలంటే మేక పేరు ఎత్తాలి, ఎత్తకూడదు. మొత్తం సభ కళ్ళెదురుగా ఉన్నదాన్ని లేనట్టు నటిస్తూ గంభీరంగా మాట్లాడుతుంటుంది. మీ ఇంట్లో వాళ్ళని అడుగు, అలాంటి సభ టీవీలో చూసినప్పుడు అక్కడ మేకలు లేకపోయినా, ఎవరూ ఎత్తని విషయం ఏదో ఒకటి బెంచీల మధ్య తిరుగుతూ కనిపించిందా లేదా అని. వాళ్ళేం చెప్పారో రాసి పంపు, వచ్చే సంచికలో మొదటి ఉత్తరం నీదే.